బరువులు ఎత్తితే ఎన్ని కేలరీలు ఖర్చవుతాయి? మీ లెక్క మీరే వేసుకునే పద్ధతి

జిమ్‌లో గంటసేపు బరువులు ఎత్తితే అయిదారు వందల కేలరీలు కరిగిపోతాయని చాలామంది నమ్ముతారు. చేతికి పెట్టుకున్న స్మార్ట్ వాచీ అదే చెబుతుంది, ఫోన్‌లో యాప్ అదే చెబుతుంది. నిజానికి 60–80 కిలోల మనిషి సెట్‌కీ సెట్‌కీ (ఆపకుండా వరుసగా చేసే ఒక విడతకీ మరో విడతకీ) మధ్య మామూలుగా ఆగుతూ గంటసేపు చేస్తే, ఊరికే కూర్చున్నదానికంటే అదనంగా అయ్యే ఖర్చు చాలా సందర్భాల్లో 150 నుంచి 250 కేలరీల మధ్యే ఉంటుంది. ఆ అంకె చూసి నిరాశపడొద్దు. బరువులు ఎత్తేది కండ కోసం, ఎముక కోసం, బలం కోసం. అయితే అంకె తప్పుగా తెలిస్తే తిండి తప్పుతుంది. నెలల తరబడి కష్టపడినా నడుము కొలత మారలేదని జిమ్ మానేసేవాళ్లలో ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. అందుకే లెక్క సరిగ్గా ఎలా వేయాలో, ఎక్కడెక్కడ తప్పుతుందో మొదటి నుంచీ చూద్దాం.

ఇక్కడ కేలరీ అన్న ప్రతిచోటా ఆహార ప్యాకెట్ల మీద ఉండే కిలో కేలరీ అనే అర్థం. కావలసినవి కొద్దే: మీ బరువు, ఎత్తు, వయసు, ఫోన్‌లో స్టాప్‌వాచ్, ఒక నోటు పుస్తకం.

1. ఊరికే ఉన్నా అయ్యే ఖర్చు

గుండె కొట్టుకోవడానికి, ఊపిరికి, మెదడు పనికి, ఒంటి వేడికి శరీరం రోజంతా ఇంధనం వాడుతూనే ఉంటుంది. దీన్ని అంచనా వేయడానికి 1990లో వచ్చిన మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం బాగా పనికొస్తుంది.

మగవారికి: (10 × బరువు కిలోల్లో) + (6.25 × ఎత్తు సెంటీమీటర్లలో) − (5 × వయసు) + 5
ఆడవారికి: మొదటి మూడు భాగాలూ అవే, చివర 5 కలపడానికి బదులు 161 తీసేయాలి.

70 కిలోలు, 170 సెంటీమీటర్లు, 30 ఏళ్ల మగవారికి 700 + 1062.5 − 150 + 5 = 1617 కేలరీలు వస్తుంది. దాన్ని 24తో భాగిస్తే గంటకు 67. అదే 55 కిలోలు, 155 సెంటీమీటర్లు, 35 ఏళ్ల ఆమెకు రోజుకు 1183, గంటకు 49. ఈ గంట అంకెను పుస్తకంలో పైన రాసుకోండి. మిగతా లెక్కంతా దీని మీదే నిలబడుతుంది.

2. మెట్ విలువ ఎంచుకోవడం

ఒక పనికి అయ్యే ఖర్చు విశ్రాంతి ఖర్చుకు ఎన్ని రెట్లో చెప్పే కొలమానం మెట్. ఊరికే కూర్చుంటే 1 మెట్. రకరకాల పనుల మెట్ విలువలన్నీ ఒకచోట చేర్చిన పట్టిక కంపెండియం ఆఫ్ ఫిజికల్ యాక్టివిటీస్. 1993లో మొదలైన ఈ పట్టికను తర్వాత పలుమార్లు సవరించారు. బరువుల వ్యాయామానికి 2011 సవరణ ఇచ్చిన విలువలివి:

8–15 రెప్స్ (బరువును ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) చొప్పున రకరకాల వ్యాయామాలు, మామూలు జిమ్ సెషన్: 3.5
స్క్వాట్లు (బరువుతో తీసే గుంజీల్లాంటివి) ప్రధానంగా సాగే సెషన్: 5.0
పవర్‌లిఫ్టింగ్, బాడీబిల్డింగ్ స్థాయిలో తీవ్రంగా: 6.0
ఓ మోస్తరు సర్క్యూట్ (వేర్వేరు వ్యాయామాలు ఒకదాని వెంట ఒకటి చేయడం): 4.3
దాదాపు ఆగకుండా, కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) వంటివి కలిపి తీవ్రంగా చేసే సర్క్యూట్: 8.0

మనలో ఎక్కువమంది సెషన్ 3.5 దగ్గరే ఉంటుంది. చెమట ధారలు కట్టింది కదా అని 6 వేసుకోవద్దు. మే నెలలో విజయవాడలో ఫ్యాన్ కింద నిలబడినా చెమట కారుతుంది. అది వేడికి గుర్తే కానీ ఖర్చుకు కొలత కాదు. 6 ఎవరికంటే, పెద్ద కండరాల వ్యాయామాలు బరువైన లోడుతో, తక్కువ రెస్ట్‌తో, సెషన్ పొడుగునా పట్టు సడలకుండా చేసేవారికి. సందేహం వస్తే తక్కువ విలువే తీసుకోండి. తక్కువ అంచనా వల్ల పోయేదేమీ లేదు, ఎక్కువ అంచనా మాత్రం పళ్లెంలోకి వస్తుంది.

3. గంటను నిజంగా కొలవడం

అయిదు వ్యాయామాలు, ఒక్కోటి నాలుగు సెట్లు అనుకోండి. మొత్తం 20 సెట్లు. సెట్‌కు 40 సెకన్లు వేసుకుంటే బరువు చేతిలో ఉన్న సమయం 800 సెకన్లు, అంటే 13 నిమిషాల పైచిలుకు. మిగతా సమయమంతా రెస్ట్, ప్లేట్లు మార్చడం, బెంచీ ఖాళీ అయ్యేదాకా ఎదురుచూడడం.

మెట్ విలువల్లో మామూలు రెస్ట్ కలిసే ఉంటుంది కాబట్టి ఆ 13 నిమిషాలకే లెక్క కట్టనక్కర్లేదు. కానీ మామూలుకు మించిన ఖాళీని తీసేయాలి. మొదటి వార్మప్ సెట్ మొదలైనప్పుడు స్టాప్‌వాచ్ నొక్కండి, చివరి సెట్ దించాక ఆపండి. ఫోన్ మాట్లాడిన పది నిమిషాలు, కబుర్లలో పోయిన పావుగంట అందులోంచి తగ్గించండి. జిమ్ గడప దాటి లోపలికి వెళ్లినప్పటి నుంచి బయటికి వచ్చేదాకా గంటన్నర అయినా, ఇలా కొలిస్తే చాలామందికి 50 నిమిషాలు మిగలడం మామూలే.

4. గుణించడం, విశ్రాంతి ఖర్చు తీసేయడం

సూత్రం ఒక్కటే: గంట విశ్రాంతి ఖర్చు × (మెట్ − 1) × గంటలు.

ఒకటి ఎందుకు తీసేస్తున్నాం? ఆ గంట మీరు ఇంట్లో కూర్చున్నా 67 కేలరీలు ఎలాగూ అయ్యేవి. రోజు మొత్తం లెక్కలో అవి ముందే ఉన్నాయి, మళ్లీ కలిపితే ఒకే ఖర్చును రెండుసార్లు రాసినట్టు. యాప్‌లు చూపే అంకెల్లో చాలాచోట్ల ఈ విశ్రాంతి ఖర్చు కలిసే ఉంటుంది.

70 కిలోల వ్యక్తికి గంటకు 3.5 మెట్ అయితే 67 × 2.5 = 168 కేలరీలు. స్క్వాట్లు నిండిన రోజు 5 మెట్ అయితే 268. అరగంట తీవ్రమైన సర్క్యూట్‌కు 67 × 7 × 0.5 = 235. 55 కిలోల ఆమె 45 నిమిషాలు మామూలు సెషన్ చేస్తే 49 × 2.5 × 0.75 = 92.

ఆన్‌లైన్ కాలిక్యులేటర్లలో ఎక్కువగా కనబడేది వేరే సూత్రం: నిమిషానికి మెట్ × 3.5 × బరువు ÷ 200. ఇది ప్రతి మనిషీ విశ్రాంతిలో కిలో బరువుకు నిమిషానికి 3.5 మిల్లీలీటర్ల ఆక్సిజన్ వాడతాడనే ఊహ మీద నడుస్తుంది. ఒంట్లో కొవ్వు పాలు ఎక్కువ ఉన్నవారికి, వయసు పైబడినవారికి ఈ ఊహ బాగా తప్పుతుంది. 95 కిలోలు, 165 సెంటీమీటర్లు, 45 ఏళ్ల మగవారిని తీసుకోండి. ఆ సూత్రం ప్రకారం విశ్రాంతి ఖర్చే గంటకు దాదాపు 100. మిఫ్లిన్ లెక్కలో అది 73. అదే సెషన్‌కు ఒకటి 249 అంటుంది, రెండోది 183 అంటుంది. బరువు తగ్గాలని జిమ్‌లో చేరినవారికే ఎక్కువ తప్పు అంకె చూపించే సూత్రం అది. అందుకే ఇక్కడ మిఫ్లిన్‌తో మొదలుపెట్టాం.

5. భౌతికశాస్త్రంతో సరిచూడడం

పై అంకె మరీ తక్కువనిపిస్తే, ఎత్తిన బరువును బట్టి ఇంకో దారిలో లెక్క వేయండి. పని = ద్రవ్యరాశి × 9.8 × ఎత్తు. జవాబు జౌళ్లలో వస్తుంది, 4184 జౌళ్లు ఒక కేలరీ.

60 కిలోల బార్‌తో స్క్వాట్. 70 కిలోల మనిషిలో మోకాళ్ల కింది భాగం పైకి లేవదు కాబట్టి శరీరంలో దాదాపు 60 కిలోలు పైకి లేస్తాయి. మొత్తం 120 కిలోలు, అర మీటరు ఎత్తు. 120 × 9.8 × 0.5 = 588 జౌళ్లు, అంటే 0.14 కేలరీ. కండరం వాడిన ఇంధనంలో అయిదో వంతు నుంచి నాలుగో వంతు మాత్రమే పనిగా మారుతుంది, మిగతాది వేడిగా పోతుంది. కాబట్టి అసలు ఖర్చు 0.7 దాకా ఉంటుంది. బరువు దించడానికీ ఇంధనం కావాలి, అయితే ఎత్తడానికి అయ్యేదానికంటే బాగా తక్కువ. అదీ కలిపి ఒక రెప్‌కు 0.9 అనుకుందాం. పది రెప్స్ నాలుగు సెట్లకు 36 కేలరీలు.

అదే పద్ధతిలో 50 కిలోల బెంచ్ ప్రెస్, 40 సెంటీమీటర్ల ఎత్తు: నాలుగు సెట్లకు సుమారు 12. రెండు చేతుల్లో 10 కిలోల డంబెల్స్‌తో బైసెప్స్ కర్ల్: సుమారు 6. కాళ్ల వ్యాయామం ఎగ్గొట్టి చేతులకే గంట పెట్టేవారి ఖర్చు ఎందుకంత తక్కువో ఈ మూడు అంకెల్లో తెలిసిపోతుంది.

ఇంకో ఉదాహరణ చూడండి. శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో స్నాచ్ (నేల నుంచి ఒకే ఊపులో తలపైకి) 110, క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాలకు, అక్కడి నుంచి తలపైకి) 130, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారతీయ మహిళ ఆమె. ఆ 110 కిలోల స్నాచ్‌లో బార్ నేల నుంచి సుమారు 1.7 మీటర్లు పైకి వెళ్లిందనుకుంటే, బార్ మీద జరిగిన పని 1833 జౌళ్లు, అర కేలరీ కూడా లేదు. ఇంధనం ఖర్చు వేసుకున్నా రెండు మూడు కేలరీలు. దేశం గర్వించిన ఆ ఎత్తులో గొప్పదనమంతా రెప్పపాటులో విడుదలైన శక్తిది. ఎంత బరువు ఎత్తారన్నది బలానికి కొలత. ఎంతసేపు, ఎన్నిసార్లు, ఎన్ని కండరాలతో కదిలించారన్నదే ఖర్చుకు కొలత.

ఈ పని లెక్కలో వచ్చే మొత్తం మెట్ లెక్క కంటే తక్కువే వస్తుంది, రావాలి కూడా. సెట్ల మధ్య గుండె, ఊపిరి ఇంకా వేగంగానే ఉంటాయి, ప్లేట్లు మోస్తారు, అటూ ఇటూ నడుస్తారు. ప్లాంక్‌లాంటి కదలని పట్టుల్లో ఎత్తు సున్నా కాబట్టి పని సున్నా అని వస్తుంది, కండరం మాత్రం ఇంధనం తాగుతూనే ఉంటుంది. కాబట్టి దీన్ని కింది హద్దుగానే వాడుకోండి. మెట్ అంకె దీనికి అయిదారు రెట్లుంటే, మెట్ విలువో నిమిషాలో ఎక్కువ వేశారని అర్థం.

6. జిమ్ వదిలాక సాగే ఖర్చు

సెట్ మొదటి పది సెకన్లకు కండరంలో నిలవున్న ఫాస్ఫోక్రియాటిన్ ముఖ్యంగా ఆదుకుంటుంది. ఆపైన గ్లైకోజెన్ (కండరం దాచుకున్న పిండి పదార్థం) ఆక్సిజన్ కోసం ఆగకుండానే విరిగి శక్తినిస్తుంది. ఈ వాడకాన్ని సరిచేసుకోవడానికి రెస్ట్‌లోనూ, సెషన్ అయిపోయాకా శరీరం అదనంగా ఆక్సిజన్ తీసుకుంటుంది. దీన్నే ఆఫ్టర్‌బర్న్ అని ప్రచారం చేస్తుంటారు, రెండు రోజులపాటు కొవ్వు కరుగుతూనే ఉంటుందన్నట్టు. ప్రభావం నిజమే, పరిమాణం చిన్నది. వ్యాయామానికి అయిన నికర ఖర్చులో ఇది 6–15 శాతమని పరిశోధనల సమీక్షలు చెబుతాయి. 70 కిలోల వ్యక్తికి వచ్చిన 168కి 10 శాతం కలిపి 185 అనుకోండి, చాలు.

కండ పెరిగితే కూర్చున్నా కేలరీలు కరుగుతాయన్న మాటా ఇలాంటిదే. విశ్రాంతిలో కిలో కండ రోజుకు 13 కేలరీలు వాడుతుంది, కిలో కొవ్వు 4.5. ఎంతో శ్రమతో రెండు కిలోల కండ పెంచుకుంటే రోజుకు 26 కేలరీలు. కండ విలువ ఇందులో లేదు. తిన్న అన్నంలోని చక్కెరను రక్తంలోంచి లాక్కుని దాచుకునే పెద్ద చోటు కండరమే. మధుమేహం ఇంటింటికీ ఉన్న మన దగ్గర దాని విలువ ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

7. స్మార్ట్ వాచీ అంకెను ఏం చేయాలి

వాచీ నేరుగా కేలరీలను కొలవదు. చర్మం మీద కాంతి పంపి గుండె వేగం చూసి, దాన్నిబట్టి ఊహిస్తుంది. నడక, పరుగులో గుండె వేగం పెరిగితే ఆక్సిజన్ వాడకమూ దాదాపు అదే దామాషాలో పెరుగుతుంది. బరువుల్లో ఆ జోడీ విడిపోతుంది. ఊపిరి బిగబట్టి బరువు నెట్టినప్పుడు బిగిసిన కండరం రక్తనాళాలను నొక్కేస్తుంది, రక్తపోటు ఒక్కసారిగా లేస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. ఆక్సిజన్ వాడకం మాత్రం అంతగా పెరగదు. పైగా బార్ గట్టిగా పట్టుకున్నప్పుడు మణికట్టు వంగి, సెన్సార్ చర్మం నుంచి కాస్త లేస్తుంది.

2017లో స్టాన్‌ఫోర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షిస్తే, కేలరీల విషయంలో అన్నిటికంటే మెరుగైనదే సగటున 27 శాతం తప్పింది, అధ్వానమైనది 93 శాతం. అదీ కూర్చోవడం, నడక, పరుగు, సైకిల్ లాంటి తేలిక పరీక్షల్లో. బరువుల్లో ఇంకా నమ్మలేం. వాచీని రెస్ట్ టైమర్‌గా, అడుగుల లెక్కకు వాడుకోండి. కేలరీల అంకెను తిండి యాప్‌తో కలిపే సెట్టింగ్ ఉంటే ఇవాళే తీసేయండి.

8. తిండిలో ఎంత సర్దాలి

వారానికి మూడు సెషన్లు, ఒక్కోటి 185. మొత్తం 555. ఏడు రోజులకు పంచితే రోజుకు 80 కేలరీలు. ఒక పెద్ద చెంచా నూనె, అంటే 15 మిల్లీలీటర్లు, 120 కేలరీలు. బరువు తగ్గాలనుకుంటే జిమ్ ఖర్చును తిండిలో తిరిగి కలపనే వద్దు. బరువు నిలుపుకోవాలంటే రోజుకు ఆ 80 కలుపుకోండి. పెరగాలనుకుంటే ఆపైన ఇంకో 200–300.

వాచీ 450 చూపించిందని సెషన్ అయ్యాక 450 కేలరీల షేక్ తాగేవారి సంగతి చూడండి. ప్రతిసారీ 265 ఎక్కువ, వారానికి 795, నాలుగు వారాలకు 3180. ఒంట్లో కిలో కొవ్వుకు 7700 కేలరీలు కాబట్టి, క్రమం తప్పకుండా వ్యాయామం చేస్తూనే నెలకు 400 గ్రాములు పెరుగుతారు.

కేలరీల కంటే ఇక్కడ పట్టించుకోవాల్సింది ప్రొటీన్. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో ఆరోగ్యవంతులైన పెద్దలకు కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు అని ఉంది. కండ పెంచాలని బరువులు ఎత్తేవారికి 1.6 గ్రాముల దాకా ఉపయోగం కనబడింది. కిడ్నీ సమస్య ఉన్నవారు డాక్టరు చెప్పకుండా పెంచకూడదు. సెట్లకు ముఖ్య ఇంధనం పిండి పదార్థమే. ఒక గట్టి సెషన్‌లో పనిచేసిన కండరంలోని గ్లైకోజెన్ 24–40 శాతం తగ్గుతుంది. ఖాళీ కడుపుతో కళ్లు తిరిగేవారు గంట ముందు రెండు ఇడ్లీలో, ఒక అరటిపండో తింటే సరిపోతుంది. ఇన్సులిన్ గానీ చక్కెర తగ్గించే మాత్రలు గానీ వాడేవారు వ్యాయామం రోజుల డోసు, తిండి వేళలు ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి.

9. ఖర్చు పెంచాలంటే

రెస్ట్ కోసేయడం అందరికీ తట్టే ఉపాయం. దాంతో వచ్చే నష్టం వెంటనే కనబడదు: 60 కిలోలతో పది రెప్స్ చేసేవారు ముప్పై సెకన్ల రెస్ట్‌తో మూడో సెట్‌కే ఆరుకు పడిపోతారు, కండకు అందాల్సిన భారం తగ్గుతుంది. స్క్వాట్‌కు, డెడ్‌లిఫ్ట్‌కు (నేల మీది బరువును నిలబడుతూ ఎత్తడం) రెండు మూడు నిమిషాల రెస్ట్ అలాగే ఉంచండి. మిగతావాటిని జంట కట్టండి: బెంచ్ ప్రెస్ సెట్ అయ్యాక ఒక నిమిషం ఆగి రో (బరువును ఒంటివైపు లాగే వ్యాయామం), మళ్లీ నిమిషం ఆగి బెంచ్. ఛాతీ విశ్రాంతి తీసుకుంటుండగా వీపు పనిచేస్తుంది, అదే గంటలో ఎక్కువ సెట్లు పడతాయి. కర్ల్స్ లాంటి చిన్న కండరాల పని చివరి పది నిమిషాలకు నెట్టండి.

ఇంకా కావాలంటే నడవండి. 70 కిలోల వ్యక్తి చురుగ్గా అరగంట నడిస్తే అదనంగా 80 కేలరీల పైన ఖర్చవుతుంది, మర్నాడు స్క్వాట్‌కు అడ్డూ రాదు. బీపీ ఉన్నవారు సర్క్యూట్ జోలికి, ఊపిరి బిగబట్టి ఎత్తే భారీ సెట్ల జోలికి డాక్టరును అడగకుండా వెళ్లొద్దు.

10. బరువు చూసే మెషిన్‌తో లెక్క సరిచేసుకోవడం

ఇంతవరకూ వచ్చినవన్నీ అంచనాలే. మీ ఒంటి అసలు అంకె నాలుగు వారాల్లో తెలుస్తుంది. రోజూ పొద్దున్నే కాలకృత్యాలు అయ్యాక, ఏమీ తినకముందు బరువు చూసి రాయండి. ఏ ఒక్క రోజు అంకెనూ పట్టించుకోవద్దు, వారం సగటులను పోల్చండి. పెళ్లి భోజనం, ఆవకాయలోని ఉప్పు, సరిగా లేని నిద్ర ఒక్క రాత్రిలో కిలో అటూ ఇటూ చేయగలవు. నెలసరి ఉన్నవారు ఒక నెలలోని వారాన్ని తర్వాతి నెల అదే వారంతో పోల్చాలి.

కొత్తగా మొదలుపెట్టినవారు మొదటి రెండు మూడు వారాలు లెక్కలోంచి వదిలేయండి. కండరం గ్లైకోజెన్ ఎక్కువ దాచుకోవడం మొదలుపెడుతుంది, ప్రతి గ్రాముతో పాటు దాదాపు మూడు గ్రాముల నీరూ చేరుతుంది. క్రియాటిన్ అనే సప్లిమెంట్ వాడితే ఇంకాస్త. ఆ పెరుగుదల కొవ్వు కాదు.

ఉదాహరణకు పైన చెప్పిన 70 కిలోల వ్యక్తి రోజుకు 1900 కేలరీలు తింటున్నట్టు రాసుకున్నారు, బరువు వారానికి 250 గ్రాములు తగ్గుతోంది. 0.25 × 7700 ÷ 7 = 275. అంటే అసలు ఖర్చు 2175. కాగితం లెక్క: 1617ను కుర్చీ ఉద్యోగానికి 1.3తో గుణిస్తే 2102, జిమ్ సగటు 80 కలిపితే 2182. రెండూ కలిశాయి, ఇక ఆ అంకెతో ధైర్యంగా సాగవచ్చు.

తేడా 200 దాటితే ముందు అనుమానించాల్సింది వ్యాయామం లెక్కను కాదు, తిండి రాతను. జిమ్ అంకె సగానికి సగం తప్పినా రోజు సగటులో మారేది 40 కేలరీలే. వంటింట్లో కంటితో పోసే నూనె, టీలో చక్కెర, కూర రుచి చూస్తూ తిన్న ముక్కలు అంతకు ఎన్నో రెట్లు. నూనెను సులువుగా పట్టుకోవచ్చు: నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్లు అయిపోతుంటే, మనిషికి రోజుకు 30 గ్రాములు, 270 కేలరీలు. ఆ 270 మీ తిండి పుస్తకంలో ఎక్కడా కనబడకపోతే సవరించాల్సింది అక్కడే. మెట్ విలువను కదపొద్దు.